బతుకూ, బతుకుదెరువూ

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పొద్దున లేచింది మొదలు చెవిన పడే మాట బతుకుదెరువు. దుబాయిలో ఉన్న కొడుకు గురించి అడిగితే తల్లి ‘బతుకుదెరువుకు పోయిండు’ అంటుంది. చాట ముందు కూర్చొని బీడీలు చుట్టే కోరుట్ల అక్కను అడిగినా, రాత్రి డ్యూటీ ముగించుకొని ఇంటికి వచ్చే సిరిసిల్ల సాంచాల కార్మికుణ్ణి అడిగినా అదే మాట చెబుతారు. తెరువు అంటే దారి. బతకడానికి పట్టుకున్న దారి బతుకుదెరువు. ఈ మాటలో బతుకు ఒకటి, దాన్ని నడిపించే దారి మరొకటి. రెండూ కలిసే ఉంటాయి గానీ రెండూ ఒకటి కావు. వాడుకలో మాత్రం ఈ తేడా మరుగున పడిపోయింది. దారినే బతుకు అనుకుంటున్నాం. దారి మూసుకుపోతే బతుకే ముగిసిపోయిందని నిరాశపడుతున్నవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. అందుకే ఈ మాటను పరిశుద్ధ గ్రంథపు వెలుగులో కొంచెం నిదానంగా పరిశీలిద్దాం.

ఎన్ని భాషలైనా అదే చిక్కు

జగిత్యాలలోని నక్షత్రాకారపు కోటను 1747లో ఇబ్రహీం ఖాన్ ధంసా ఫ్రెంచి ఇంజినీర్ల సాయంతో కట్టించాడని చెబుతారు. సముద్రాలు దాటి ఇంత దూరం వచ్చిన అలాంటి వారు కూడా ఒక విధంగా బతుకుదెరువుకు వచ్చినవారే. ఫ్రెంచి భాషలో పని చేసి పొట్ట పోసుకోవడాన్ని ‘గాన్యే సా వీ’ అంటారు. ఆ మాటలకు ‘తన జీవితాన్ని తాను సంపాదించుకోవడం’ అని అర్థం. స్పెయిన్ దేశస్థులు ‘గనార్సే లా వీదా’ అంటారు. దాని అర్థమూ అదే. జర్మనులు తినే సరుకులను ‘లేబెన్స్‌మిట్టెల్’ అంటారు, అంటే బతకడానికి సాధనాలు. ఇంగ్లిషులో ‘లివింగ్’ అంటే బతకడమే గాక బతకడానికి వచ్చే రాబడి కూడా.

ఇంగ్లండు సంఘంలో ఈ ‘లివింగ్’ అనే మాటకు ఇంకో అర్థం ఉంది. ఒక ఊరి పాస్టరు పదవినీ, దానితో వచ్చే రాబడినీ కలిపి అలా పిలిచేవారు. ఆ పదవికి పాస్టరును నియమించే హక్కును కొనడం, అమ్మడం కూడా ఒకప్పుడు జరిగింది. దేవుని సేవ కేవలం బతుకుదెరువుగా మారితే ఎంత దూరం పోతుందో ఆ చరిత్ర చెబుతోంది. ఇది పాస్టర్లమైన మేము ముందుగా నేర్చుకోవలసిన పాఠం.

అన్నింటికన్నా ఆలోచింపజేసేది రష్యా వారి మాట. వారి ఆర్థడాక్సు సంఘాల్లో ఆరాధనకు వాడే పాత స్లావు భాషలో ‘జివోత్’ అంటే జీవం. సెర్బియా, చెక్ ప్రజలకు నేటికీ అదే అర్థం. నేటి రష్యన్ భాషలో మాత్రం ఆ మాటకు కడుపు అని అర్థం. జీవం అనే మాట కాలక్రమంలో కడుపు అనే మాటగా మారిపోయింది. మనం నవ్వుకోనక్కర లేదు. ‘పొట్ట చేతపట్టుకొని పోయిండు’, ‘పొట్టకూటి కోసం’ అని మనమూ అంటూనే ఉన్నాం.

ఈ మాటల చుట్టరికం కూడా చెప్పుకోదగ్గది. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘జీవం’, లాటిన్‌లోని ‘వీటా’, గ్రీకులోని ‘బియోస్’, ‘జోయే’ అన్నీ ఒకే పురాతన మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రం చెబుతుంది. ఇంగ్లిషులో ఇవాళ ‘త్వరగా’ అనే అర్థంలో వాడే ‘క్విక్’ కూడా ఆ కుటుంబానిదే. అపొస్తలుల విశ్వాస ప్రమాణపు పాత ఇంగ్లిషు పాఠంలో సజీవులు అనడానికి ఆ మాటే ఉంది. ‘బతుకు’ మాత్రం మన ద్రావిడ భాషల సొంత మాట. కన్నడిగులు ‘బదుకు’ అంటారు.

విధవరాలి రెండు కాసులు

అనువాదకులకు ఈ చిక్కు బాగా ఎదురైన చోటు మార్కు 12:44. దేవాలయపు కానుకల పెట్టెలో బీద విధవరాలు రెండు కాసులు వేసింది. ఆమె వేసినదాన్ని గ్రీకు మూలం ‘బియోస్’ అంటుంది. లాటిన్ అనువాదం దాన్ని ఆహారం, పోషణ అనే అర్థమిచ్చే ‘విక్తుస్’ అనే మాటతో చెప్పింది. మార్టిన్ లూథర్ జర్మన్ అనువాదంలో ‘నారుంగ్’ అన్నాడు, అంటే తిండి. 1611 నాటి ఇంగ్లిషు బైబిలులో ‘లివింగ్’ ఉంది. మన తెలుగు బైబిలులో ‘జీవనము’ అని ఉంది. ఆమె చేతి నుంచి జారింది రెండు కాసులే గానీ, ఆమె పూటకూడు, ఆమె రేపటి దినం, ఆమె బతుకుదెరువు అంతా అందులో ఉన్నాయి. ప్రభువు ఆ కాసులను లెక్కించలేదు, వాటి వెనుక ఉన్న బతుకును చూశాడు.

దీనికి కొంచెం ముందే, మార్కు 12:40లో, విధవరాండ్ర ఇండ్లను మింగివేసే శాస్త్రులను ప్రభువు గద్దించాడు. ఈ రెండు మాటలను విడదీసి చదవకూడదు. బీదరాలి కానుకను మెచ్చుకున్న ప్రభువే, ఆమెను ఆ స్థితికి తెచ్చిన భక్తిపరులపై కోపగించాడు. చిట్టీ డబ్బులు తీసి కానుక వేసే తల్లి గురించి ప్రసంగించే ముందు, ఆ తల్లి ఇంట్లో పొయ్యి వెలిగిందా అని సంఘం అడగాలి.

గ్రీకులో మూడు మాటలు

తెలుగులో జీవము, ప్రాణము, జీవనము అని మనం చదివే చోట్ల కొత్త నిబంధనలో ముఖ్యంగా మూడు గ్రీకు మాటలు కనబడతాయి. ‘బియోస్’ అంటే బతుకు సాగే తీరు, దానికి కావలసిన ఆస్తి, ఉపాధి. ‘ప్సుఖే’ అంటే మనిషి ప్రాణం, అతని ఉనికి. ‘జోయే’ అంటే జీవం. దేవుడు ఇచ్చే నిత్యజీవానికి యోహాను సువార్త ఎప్పుడూ వాడేది ఈ మూడో మాటనే. గొర్రెలకు సమృద్ధియైన జీవం కలుగుటకు తాను వచ్చానని ప్రభువు చెప్పినప్పుడు (యోహాను 10:10) ఉన్నది ‘జోయే’.

అయితే ఈ మూడింటి మధ్య ఇనుప గోడ కట్టకూడదు. ధనవంతుడు, లాజరు ఉపమానంలో ధనవంతుడి భూలోకపు సుఖజీవితాన్ని చెప్పడానికి కూడా ‘జోయే’నే వాడారు (లూకా 16:25). కాబట్టి ‘జోయే ఆత్మీయం, బియోస్ లోకసంబంధం, మనకు జోయే ఉంటే చాలు’ అని తేల్చేయడం లేఖనానికి న్యాయం చేయడం కాదు. బతుకుదెరువును దేవుడు చిన్నచూపు చూడడు.

తిరుగలిని తాకట్టు పట్టకూడదు

అందుకు రుజువు ద్వితీయోపదేశకాండము 24:6. అప్పు ఇచ్చినవాడు తిరుగలిని గానీ, దాని పైరాయిని గానీ తాకట్టు పట్టకూడదని అక్కడ ఆజ్ఞ ఉంది. అలా పడితే అవతలి మనిషి ప్రాణాన్నే తాకట్టు పట్టినట్టు అవుతుందని కారణం కూడా చెప్పారు. హెబ్రీలో ఆ ప్రాణానికి వాడిన మాట ‘నెఫెష్’. పిండి విసరని ఇంట్లో ఆ రోజు రొట్టె ఉండదు. పైరాయి ఒక్కటి పట్టుకుపోతే చాలు, ఇల్లంతా పస్తే. ఆ రాతిలో దేవుడు మనిషి ప్రాణాన్ని చూశాడు. ఇదే అధ్యాయంలో 14, 15 వచనాల్లో దినకూలిని పొద్దు గుంకక ముందే ఇచ్చేయాలని ఉంది. కూలివాడు తన ప్రాణాన్ని దానిపైనే పెట్టుకున్నాడని హెబ్రీ మూలం అంటుంది.

సిరిసిల్లలో తిరుగలి స్థానంలో సాంచా ఉంది. కోరుట్లలో తునికాకు, చాట ఉన్నాయి. గల్ఫ్‌లో పాస్‌పోర్టు ఉంది. పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోవడాన్ని అక్కడి చట్టాలు నిషేధిస్తున్నా, ఆ అలవాటు వల్ల ఇంటికి రాలేక చిక్కుకుపోయిన మనవాళ్ల కథలు ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. తల్లి చావుకు కూడా రాలేకపోయినవారు ఉన్నారు. అది ఒక చిన్న పుస్తకాన్ని దాచుకోవడం కాదు, ఒక ప్రాణాన్ని తాకట్టు పట్టుకోవడమే. ఆజాద్ వీసా ఇప్పిస్తానని లక్షలు తీసుకొని, అక్కడికి పోయాక పనే లేకుండా చేసే దళారి కూడా ఈ ఆజ్ఞ కిందికే వస్తాడు. అతడు ఆదివారం గుడికి వచ్చి దశమభాగం ఇచ్చినా సరే.

అపొస్తలుడైన పౌలు కూడా చేతిపని చేసుకొని బతికినవాడే. కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు (అపొ. కార్యములు 18:3). సూది, దారం, గుడ్డ పట్టిన ఆ చేతులే సంఘాలకు పత్రికలు పంపాయి. కాబట్టి సాంచా దగ్గర నిలబడి పని చేసే విశ్వాసి తన పనిని తక్కువగా తలచనక్కర లేదు.

దారి మూసుకుపోయినప్పుడు

ఇంత విలువైనది గనుకనే బతుకుదెరువు పోయినప్పుడు మనిషి కుప్పకూలిపోతాడు. సిరిసిల్ల మరమగ్గాల చరిత్రలో ఈ విషాదం పలుమార్లు కనబడింది. 2000 తర్వాతి సంవత్సరాల్లో నేత కార్మికుల ఆత్మహత్యలతో ఆ ఊరి పేరు దేశమంతా వినబడింది. నూలు ధర పెరిగితే, గుడ్డకు గిరాకీ తగ్గితే సాంచాలు ఆగుతాయి. సాంచా ఆగితే కూలి ఆగుతుంది. అప్పు మాత్రం ఆగదు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు రావడంతో కొంత ఊరట కలిగింది. ఆ ఆర్డర్లు ఆగిన తర్వాత, 2024లో, మళ్లీ నేత కార్మికుల మరణవార్తలు చదివాం. పేరులోనే బతుకు ఉన్న చీరలను నేసిన ఊరిలో కొందరు తమ బతుకును అర్ధాంతరంగా ముగించుకున్నారు. 2025లో మహిళా సంఘాల చీరల పనితో సాంచాలు తిరిగినా, పోయినవారు తిరిగి రారు.

అలాంటి వారిని తీర్పు తీర్చడానికి సంఘం తొందరపడకూడదు. మోయలేని బరువు కింద ఏలీయా ప్రవక్త కూడా తనకు చావు ఇమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు (1 రాజులు 19:4). దేవుడు అతనికి ముందుగా ప్రసంగం వినిపించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, ఆ తర్వాత మాట్లాడాడు. నిరాశలో ఉన్న మనిషికి తిండి, విశ్రాంతి, తోడు ముందు కావాలి. మాట్లాడటానికి ఎవరూ లేరనిపిస్తే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోను చేయడం అవిశ్వాసం కాదు.

అదే సమయంలో సంఘం ఒక సత్యాన్ని ధైర్యంగా చెప్పాలి. మనిషి జీవం అతని కలిమి విస్తరించడంలో లేదని ప్రభువు చెప్పాడు (లూకా 12:15). అక్కడ వాడినది ‘జోయే’. ఈ మాటను మనం ధనవంతుల కోసమే చెప్పినట్టు చదువుతాం. అది అప్పులపాలైన వాడికి కూడా సువార్తే. కలిమి పెరిగితే జీవం పెరగదు గనుక, కలిమి పోయినా జీవం పోదు. ఇంగ్లిషు ‘లైఫ్’, జర్మన్ ‘లేబెన్’ అనే మాటల పురాతన మూలానికి అంటిపెట్టుకొని ఉండటం, మిగిలి ఉండటం అని అర్థం చెబుతారు. సాంచా ఆగినా, వీసా రద్దయినా, దేవుడు పేరు పెట్టి పిలిచిన మనిషి మిగిలే ఉన్నాడు. తెరువు పోయింది, బతుకు ఉంది.

ఉత్త చేతులతో వచ్చిన కొడుకు

ఈ తేడాను ప్రభువు ఒక కథలోనే చూపించాడు. లూకా 15లో తప్పిపోయిన కుమారుని ఉపమానం మనకు కంఠతా వచ్చు. తండ్రి తన ఇద్దరు కొడుకులకు పంచి ఇచ్చినదాన్ని 12వ వచనంలో గ్రీకు మూలం ‘బియోస్’ అంటుంది. చిన్నవాడు దూరదేశం పోయి అంతా పోగొట్టుకొని ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. పెద్దవాడు కోపంతో, వీడు నీ ఆస్తిని తినేశాడని తండ్రితో అంటాడు. 30వ వచనంలో అతని నోట వచ్చే ఆ మాట కూడా ‘బియోస్’. తండ్రి జవాబులో ఆ మాటే లేదు. చనిపోయిన నా కొడుకు బతికాడు అని ఆయన ఆనందిస్తాడు. తండ్రి వాడినది ‘జోయే’కు సంబంధించిన క్రియ. అన్న పోయినదాన్ని లెక్క వేశాడు, తండ్రి వచ్చినవాణ్ణి చూశాడు.

మన ఊళ్లలో ఈ కథ ఏటా జరుగుతోంది. గల్ఫ్ నుంచి వచ్చినవాడిని వాకిట్లోనే ‘ఎంత తెచ్చినవ్?’ అని అడుగుతాం. బాగా తెచ్చినవాడికి ఎదురు పోతాం. ఖల్లివల్లి అయి, ఆమ్నెస్టీలో ప్రాణాలతో బయటపడి, అప్పు తీర్చలేక తల దించుకొని వచ్చినవాడిని చూసి ‘వాడు అక్కడ సరిగ్గా చేసుకోలే’ అంటాం. ఉపమానంలోని చిన్న కొడుకు దుర్వ్యాపారం వల్ల పాడయ్యాడు. మన పిల్లల్లో చాలామంది ఏ తప్పూ చేయకుండానే మోసపోయి వచ్చారు. తప్పు చేసిన కొడుకునే తండ్రి పరుగెత్తి కౌగిలించుకున్నప్పుడు, మోసపోయిన కొడుకును మనం ఎలా చేర్చుకోవాలి? ‘ఎంత తెచ్చినవ్’ అనే ప్రశ్నకు బదులు ‘వచ్చినవు, అదే చాలు’ అనే మాట సంఘం నోట రావాలి.

మూడు మాటలూ ఒక్క చోటే

అయితే ఆ మాటతోనే సరిపెట్టుకోవడానికి యోహాను ఒప్పుకోడు. అతని మొదటి పత్రిక 3వ అధ్యాయం, 14 నుంచి 17 వరకు ఉన్న నాలుగు వచనాలు తెరిచి చూడండి. మనం చెప్పుకున్న మూడు గ్రీకు మాటలూ అక్కడ వరుసగా ఉన్నాయి. సహోదరులను ప్రేమిస్తున్నాం గనుక మరణం నుంచి జీవంలోకి దాటామని ఎరుగుదుమని 14వ వచనం. ఆ జీవం ‘జోయే’. క్రీస్తు మన కోసం తన ప్రాణం పెట్టాడు, మనమూ సహోదరుల కోసం పెట్టాలని 16వ వచనం. ఆ ప్రాణం ‘ప్సుఖే’. ఈ లోకపు జీవనోపాధి చేతిలో ఉండి, సహోదరుడికి లేమి ఉండటం చూసి కూడా అతని మీద కనికరం చూపకపోతే దేవుని ప్రేమ అతనిలో ఎలా నిలుస్తుందని 17వ వచనం. ఆ ఉపాధి ‘బియోస్’.

ఈ వరుసను గమనించండి. నిత్యజీవంతో మొదలైన మాట నేరుగా పక్కింటివాడి లేమి దగ్గరికి వచ్చి ఆగింది. నాకు ‘జోయే’ ఉందో లేదో తెలుసుకోవడానికి యోహాను నన్ను పరలోకం వైపు చూడమనలేదు, నా చేతిలోని ‘బియోస్’ వైపు చూడమన్నాడు. సహోదరుడి కోసం ప్రాణం పెట్టే అవసరం ఎప్పుడో ఒకసారి వస్తుందేమో. అతని బతుకుదెరువు నిలబెట్టే అవసరం మాత్రం ప్రతి నెలా వస్తుంది.

మన పొరుగునే దీనికి సాక్ష్యం ఉంది. మెదక్ కెథడ్రల్‌ను కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ పనిని కరువు రోజుల్లో ప్రజలకు ఉపాధిగా మలిచాడు. పస్తులున్న మనుషులకు ధర్మంగా కాక పనికి కూలిగా తిండి దొరికింది. పదేళ్లు సాగిన ఆ నిర్మాణం ముగిసి 1924 డిసెంబరు 25న దేవాలయ ప్రతిష్ఠ జరిగింది. ఆ గోపురాన్ని చూసి గొప్పగా చెప్పుకునే మనం, ఆ రాళ్ల కింద ఎన్ని ఇండ్ల బతుకుదెరువు ఉందో కూడా చెప్పుకోవాలి.

ఇవాళ కెథడ్రల్ కట్టనక్కర లేదు. చేయగలిగినవి చిన్నవే. మన సంఘంలో ఎవరి సాంచాలు ఆగాయో, ఎవరి పిల్లల ఫీజు నిలిచిందో పెద్దలు తెలుసుకోవాలి. గల్ఫ్ పోయే యువకుడి కోసం ప్రార్థన చేసి పంపే ముందు, ఆ ఏజెంటు రిజిస్టరైనవాడేనా అని ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసి చెప్పాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయలతో 10 లక్షల ప్రమాద బీమా ఉంటుందని తెలపాలి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. ఆ కాగితాలు నింపడం తెలియని విధవరాలి పక్కన చదువుకున్న విశ్వాసి ఒకరు కూర్చుంటే, అది ఆదివారం ఆరాధనకు కొనసాగింపే అవుతుంది. కూలి ఇచ్చేవారు పొద్దు గుంకక ముందే ఇవ్వాలి. వడ్డీకి ఇచ్చేవారు తిరుగలి ఆజ్ఞను మరవకూడదు.

శిష్యులు దారి తెలియక కలవరపడిన రాత్రి, ప్రభువు తానే మార్గమనీ, సత్యమనీ, జీవమనీ చెప్పాడు (యోహాను 14:6). మన మాటల్లో చెబితే తెరువు ఆయనే, బతుకు ఆయనే. గల్ఫ్ దారి మూసుకుపోవచ్చు, సాంచాల దారి మూసుకుపోవచ్చు. ఆయనలో ఉన్న బతుకుకు మూత లేదు. ఆయనను నమ్మిన సంఘం ఒకరి తెరువు మూసుకుపోయినప్పుడు మరో తెరువు చూపే చెయ్యిగా ఉండాలి. ఈ వారం మన వీధిలో సాంచా ఆగిన ఇల్లు, ఫోను రాని గల్ఫ్ ఇల్లు, చాట ముందు ఒంటరిగా కూర్చున్న ఇల్లు ఏదో వెతికి, ఆ తలుపు తడదాం. జీవాధిపతియైన దేవుడు మీ బతుకునూ, బతుకుదెరువునూ కాపాడును గాక! ఆమేన్.